బియ్యంలో పేరు

బారసాల పళ్ళెంలోని బియ్యంలో అశోక్ ఉంగరంతో కొడుకు పేరు ‘ఆండ్రిస్’ అని రాయగానే, అతని తండ్రి గున్నేశ్వరరావు ఆ బియ్యాన్ని అరచేత్తో చెరిపేశాడు.

“మా నాన్న పేరు పెట్టమంటే ఈ గోలేంట్రా? మొగల్తూరులో ఎవరికైనా ఉందా ఈ పేరు?”

“లాత్వియాలో ఊరికి పదిమందికి ఉంటుందండి. మా ఓడలో నాతో పనిచేసినవాడి పేరు.”

“అయితే?”

“ఓడ మునిగినప్పుడు తన లైఫ్‌జాకెట్ నాకు తొడిగాడు. అతను మళ్ళీ దొరకలేదు నాన్నగారండి.”

గున్నేశ్వరరావు కొడుకు వైపు తిరిగాడు.

“ఓడ మారాననే చెప్పావు కదరా, దొంగవెధవా. అతనికి పిల్లలున్నారా?”

“పెళ్ళే కాలేదండి.”

గున్నేశ్వరరావు కోపంగానే బియ్యాన్ని చదును చేశాడు.

“మా నాన్న పేరు మోయడానికి మనింట్లో ముగ్గురు పెద్దిరాజులున్నారు. అతనికెవరున్నారు? రాయి.”