పడకగది పటం

రోండా హ్యాండ్‌బ్యాగులో కారు తాళాల కోసం వెతుకుతుంటే లైల్ చేతికి మడతపెట్టిన కాగితం ఒకటి తగిలింది.

విప్పి చూస్తే అది తమ పడకగది.

మంచం ఏ పక్కన ఉందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో, నడవా ఎంతవరకూ పోతుందో అంతా పెన్సిలుతో గీసి ఉంది. నడవా చివరి గోడ మీద ఎర్రగా ఇంటూ గుర్తు. దాని పక్కన, కూతురి పేరుతో, ‘టెస్ తల’ అని రాసుంది. రాత రోండాది కాదు, ఎవడో మగవాడిది.

లైల్ ఒళ్లు భగ్గుమంది.

“ఎవడు గీశాడిది?”

“తుపాకుల కొట్లో ఆర్విల్ గారు. నేను చెబుతుంటే గీశారు,” అంది రోండా, పొయ్యి మీద గ్రేవీ కలుపుతూనే. “బుధవారం మళ్లీ వెళ్లాన్లే.”

“నాకు చెప్పకుండానా?”

“చెబితే ఇదిగో, ఇలాగే మొహం మాడ్చుకుంటావని.”

మొహం మాడింది ఇవాళ కాదు, పోయిన శనివారమే. వీధిలో వరసగా రెండిళ్లలో దొంగలు పడేసరికి, ఇంట్లో ఒక తుపాకి ఉండాలని మొగుడూ పెళ్లాం నెల్డా అనే ఆవిడ నడిపే తుపాకుల కొట్టుకి వెళ్లారు. కౌంటర్ వెనక ఈ ఆర్విల్ నిలబడి ఉన్నాడు. అరవై దాటినా తలనిండా వెండిలాంటి జుట్టు. లైల్‌కి నలభై ఏళ్లకే నెత్తి మైదానమైంది.

“ఏం కావాలి బంగారం?” అన్నాడు ఆర్విల్ రోండాతో, పక్కన లైల్ అనేవాడు లేనట్టే.

“ఆ పెద్ద రైఫిల్ ఇవ్వండి,” అన్నాడు లైల్ గొంతు పెంచి.

ఆర్విల్ దానివంక చూడనైనా లేదు. “ఇంట్లో అన్నీ అట్టగోడలేనా? పాప ఎక్కడ పడుకుంటుంది?” అని రోండానే అడిగాడు.

“తుపాకి అడిగితే పడకల లెక్క దేనికి మీకు?”

“ఏ తుపాకి కొన్నా సరే, ముందు పటం గీసుకోవాలి.”

రోండా బుద్ధిగా తలూపింది. పన్నెండేళ్ల కాపురంలో లైల్ ఏం చెప్పినా ఆవిడ అలా తలూపిన పాపాన పోలేదు. ఆ రోజు రోండా ఏమీ కొననివ్వకుండానే ఇంటికి లాక్కొచ్చింది.

ఇప్పుడీ పటం!

పొయ్యి మీది గ్రేవీ పొయ్యి మీదే ఉంది. లైల్ ట్రక్కెక్కి నేరుగా కొట్టుకి పోయాడు.

“నా పడకగదితో నీకేం పని?” నలుగురూ వింటుండగా కాగితం కౌంటర్ మీద కొట్టాడు.

ఆర్విల్ మొహం పాలిపోయింది. “గదిని కాదు బాబూ, ఆ గోడని చూడు. ఆ గుర్తు...”

“ఇంకోసారి నా పెళ్లాంతో మాట్లాడావంటే పళ్లు రాలగొడతా!”

ఆర్విల్ పటం మడిచి అతని చేతిలో పెట్టాడు. టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

లైల్ ఆ పెద్ద రైఫిలే కొనుక్కుని, గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

మూడు వారాలు గడిచాయి. ఆదివారం పొద్దున రోండా చర్చికి వెళ్లింది. టెస్ ముందురోజే స్నేహితురాలింట్లో పడుకోవడానికి వెళ్లింది. లైల్ మాత్రం అలక తీరక మంచం దిగలేదు.

పెరటివైపు అద్దం భళ్లున పగిలింది.

రైఫిల్ అందుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నడవా చివర ఏదో నీడ కదిలింది. గురి పెట్టాడు. వేలు బిగించాడు.

సరిగ్గా అక్కడే ఎర్రగుర్తు. తూటా ఆగని ఆ అట్టగోడ వెనకే టెస్ మంచం.

కుళ్లుకుంటూ వందసార్లు చూసిన పటం కదా, కళ్ల ముందే నిలబడింది. టెస్ ఇంట్లో లేదని తెలుసు. అయినా వేలు ఆగింది.

“ఎవరది?” అని అరిచాడు.

నీడ మళ్లీ ఊగింది. అది పెరటి తలుపు తెర. అద్దాన్ని పగలగొట్టింది ఈదురుగాలి.

గోడ వెనక నుంచి నీరసంగా ఒక గొంతు వినబడింది.

“అరవకు నాన్నా... జ్వరమొచ్చింది. అమ్మ చర్చికి వెళ్లాక, నా ఫ్రెండు వాళ్లమ్మ దింపేసి వెళ్లింది. నువ్వు పడుకున్నావని లేపలేదు.”

లైల్ తూటాలు బయటికి తీసేశాడు. రైఫిల్ కింద పెట్టి, ఆ గోడకే ఆనుకుని ఏడ్చాడు.

మర్నాడు కొట్టు తెరవకముందే వచ్చి కూర్చున్నాడు.

“ఆర్విల్ గారి కాళ్లు పట్టుకోవాలి,” అన్నాడు నెల్డాతో.

“ఎక్కడున్నాడని పట్టుకుంటావు? నువ్వు అరిచిన మర్నాడే ఊరొదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు.”

“నా మూలంగా ఉద్యోగం వదులుకున్నారా?”

“ఉద్యోగమేమిటి? మా నాన్న కాలం నుంచీ ఉత్తినే నిలబడ్డాడిక్కడ. ఇంటికి తుపాకి కొనేవాళ్లకి పటం గీసివ్వనిస్తే చాలు, జీతం వద్దన్నాడు.”

నెల్డా సొరుగు లాగి, పసుపెక్కిన పాత కాగితం ఒకటి కౌంటర్ మీద పరిచింది. అదే పెన్సిలు, అదే చేతిరాత. నడవా చివర అదే ఎర్రగుర్తు. దాని పక్కన ‘నా బంగారం, తొమ్మిదేళ్లు’ అని రాసి ఉంది.

“ఇదెవరిల్లు?” అన్నాడు లైల్.

“ఆయనదే. మీ అందరి పటాలూ తుపాకి పేలకముందు గీసినవి,” అంది నెల్డా. “పేలిన తర్వాత గీసింది ఇదొక్కటే.”