చప్పుడు లేని కీబోర్డు

"మైలేజీ ఎంతిస్తుంది?" అని అడిగాడు బస్సు డ్రైవరు.

"నాన్నా, అది లాప్‌టాప్!" కూతురు తల పట్టుకుంది.

"అదేనే, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంతసేపు నడుస్తుందని."

డ్రైవరు భార్య నర్సు. ఇరవై ఏళ్ళు వార్డుల్లో తిరిగి, నలభై అయిదో ఏట పీహెచ్‌డీలో సీటు తెచ్చుకుంది. ఆస్పత్రిలో రోగులకు నిద్ర ఎందుకు పట్టదన్నది ఆమె పరిశోధన. ఆ సంబరంలో ముగ్గురూ కలిసి షాపుకొచ్చారు.

కూతురి కన్ను ఎర్ర లైట్లు వెలిగేదాని మీద పడింది. డ్రైవరు కన్ను అన్నిటికన్నా పెద్దదాని మీద పడింది.

"ఎవరికండీ?" పక్కనుంచి వినిపించింది.

నీలం చొక్కా, జారిపోతున్న కళ్ళజోడు, అరవై దాటిన మనిషి.

"నాకేనండీ. థీసిస్ రాసుకోవాలి," అంది నర్సు.

"ఎక్కడ కూర్చుని రాస్తారు?"

"కూర్చోవడం కూడానా! వార్డులో కాసేపు, బస్సులో కాసేపు, వంటింట్లో కాసేపు."

"అయితే ఆ పెద్దది వద్దు. నెల తిరక్కుండా భుజం పడిపోతుంది. ఆ లైట్లది ఆటలకి. మీ రోగులు కూడా లేచొచ్చి ఆడతారు."

"ఏవయ్యా పెద్దాయనా, ఆ పైది కాస్త దించు," అన్నాడు డ్రైవరు.

ఆయన మారుమాట లేకుండా దించాడు. నాలుగింటిని వరసగా పెట్టి, ఒక్కోదాని మీదా కాసేపు టైపు చెయ్యమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"దీని కీబోర్డు టకటకమంటోంది. నిద్రపోయేవాళ్ళు లేస్తారు."

"ఇదో?"

"దీని తెర అద్దంలా ఉంది. అక్షరాలకు బదులు మీ మొహం కనిపిస్తుంది."

"మా పెళ్ళప్పుడు మా మామగారు కూడా ఇన్ని ఆరాలు తియ్యలేదు," గొణిగాడు డ్రైవరు.

"తీసుంటే బాగుండేది," అంది నర్సు.

అందరికన్నా గట్టిగా పెద్దాయనే నవ్వాడు.

చివరికి కౌంటరు వెనకున్న ఒక డబ్బా తెప్పించాడు. అందులోది పలచగా, తేలిగ్గా ఉంది. నర్సు నాలుగు వాక్యాలు టైపు చేసింది. చీమ నడిచినంత చప్పుడు కూడా రాలేదు.

"ఇదే!" ఆమె మొహం వెలిగిపోయింది.

ఆయన ఒక్క క్షణం దానివంక చూశాడు.

"అవునండీ, ఇదే," అన్నాడు.

"కమీషన్ దీనికే ఎక్కువేమో!" అన్నాడు డ్రైవరు. నర్సు మోచేత్తో పొడిచింది.

బిల్లు కట్టాక, "పెద్దాయనా, ఆ డబ్బా కాస్త బండి దాకా తెచ్చిపెట్టు," అన్నాడు.

ఆయన తెచ్చిపెట్టాడు.

"బాగా రాయండమ్మా," అన్నాడు.

బాగానే రాసింది. మూడేళ్ళు తిరిగేసరికి పట్టా వచ్చింది. ఆ రోజు డ్రైవరు బస్సంతా వినపడేలా చాటాడు.

"మా ఆవిడ డాక్టరైంది! ఆపరేషన్లు చేసే డాక్టరు కాదు, అంతకన్నా కష్టం!"

థీసిస్ కాపీ పట్టుకుని ముగ్గురూ షాపుకెళ్ళారు. కృతజ్ఞతల పేజీలో, 'నాకు లాప్‌టాప్ ఎంచి ఇచ్చిన షాపులోని పెద్దవయసు ఉద్యోగికి' అని అచ్చు వేయించింది నర్సు.

షాపాయన చదివి బుర్ర గోక్కున్నాడు.

"అంత వయసువాళ్ళు మా దగ్గరెవరూ పనిచెయ్యలేదే!"

"నీలం చొక్కా, కళ్ళజోడు జారిపోతుంటుంది..."

"ఓ, ఆయనా! ఆయన కొనడానికి వచ్చినాయనమ్మా. రిటైరయ్యాక రీసెర్చిలో చేరారు. రెండు వారాలపాటు రోజూ వచ్చి, ఉన్నవాటన్నిటి మీదా టైపు చేసి చూసుకున్నారు. పోయినేడు ఆయనకీ డాక్టరేట్ వచ్చింది. ఇప్పుడు వేరే ఊళ్ళో కూతురి దగ్గరున్నారు."

డ్రైవరు నాలిక్కరుచుకున్నాడు.

"అంత వెతికి, ఆయన ఏది కొన్నారు?" అని అడిగింది నర్సు.

"తనకోసం పక్కన పెట్టించుకున్న ఒక్కగానొక్కదాన్ని ఆ రోజు మీకిచ్చేశారు కదమ్మా, మళ్ళీ అలాంటిది వచ్చేదాకా మూడు నెలలు కాగితాల మీదే రాసుకున్నారు."