పన్నీరు వాసన

పంకజాక్షికి ఈ లోకంలో ఒక్కటే పెద్ద భయం: మొగుడు ఇంకొకతెను ఉంచుకుంటాడేమోనని. ఆ భయం ఆ మధ్యాహ్నం గుమ్మం దాటి ఇంట్లోకే వచ్చింది, ఒంటినిండా పన్నీరు వాసనతో.

"అన్నం పెట్టేదా?" అంది.

"వద్దు. ఆకలి లేదు. నువ్వు తిను, పాలిచ్చేదానివి," అన్నాడు వెంకటముని, చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ.

"పొద్దున గూడా తినకుండానే పోతివే. యాడ తింటివి?"

"యాడో తిన్నాలే మే. దానికీ సాక్షుల్ని పిల్సుకోని రావల్నా?"

వేలూరులో ఆపరేషను కాన్పుకు చేసిన అప్పు తీరేదాకా ఇంట్లో అన్నీ బంద్ అని చెప్పింది అతనే. కాఫీ బంద్. సినిమా బంద్. దీపం పెందలాడే ఆర్పేయాలి. ఒకసారి పిసికిన చింతపండును ఎండబెట్టి మళ్లీ పులుసుకు పిసుకుతోంది పంకజాక్షి. అలాంటి ఇంట్లో మొగుడి చొక్కా మీద గంధం! ఒక్క వక్కపలుకు కూడా కొనని మనిషికి తాంబూలంతో పండిన నోరు!

"ఈ గంధం ఎవురు పూసినారు?"

"అంగడికి బట్టలు కొనను వచ్చిన సేటు పూసినాడు."

"సేటు గాజులేసుకుంటాడా?"

వెంకటముని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అతను గట్టిగా తిట్టి ఉంటే ఆమెకు నిద్ర పట్టేది.

పక్కింటి నాగులమ్మ ఊరుకుంటుందా? "మగోడు ఇంట్లో కూడు మానినాడంటే ఇంకో ఇంట్లో పొయ్యి రాజుకున్నట్టేనమ్మే! సూస్కో," అని తన వంతు ఎగదోసి పోయింది.

ఆ గురువారం వెంకటముని జరీ అంచు పంచె కట్టుకున్నాడు. తమ పెళ్లినాటిది. బట్టలంగడి గుమాస్తాకు పనిలోకి జరీ పంచె ఎందుకు? పంకజాక్షి అడగలేదు. బిడ్డను చంకనేసుకుని, కొంగు తల మీదికి లాక్కుని వెనకాలే నడిచింది.

అతను అంగడి దాటిపోయాడు. రైలు గేటు దాటాడు. అరటిబోదెలు కట్టిన కల్యాణమండపం ముందు ఆగి, తల దువ్వుకుని, పంచె సర్దుకుని లోపలికి నడిచాడు. గుమ్మంలో ఎవరో ఆడపిల్ల అతనికి గంధం అందించింది.

మండపం గేటు దగ్గరే పంకజాక్షి ఆగిపోయింది. ఉంచుకోవడం కాదు, కట్టుకుంటున్నాడా? ఛీ, అంత తెగిస్తాడా? తేల్చుకోలేక ఆమె ఏడుస్తూ నిలబడిపోయింది. ఇంతలో లోపల గట్టిమేళం మోగింది. తాళి పడుతోంది!

పరుగెత్తింది. "ఆపండి! నేను బతికుండంగానే నా మొగుడికి ఇంకో పెండ్లి జేస్తారా? నా బిడ్డ నోట్లో మన్ను కొడతారా?"

మేళం ఠక్కున ఆగింది. పీటల మీది పెళ్లికొడుకు తలెత్తాడు. మీసాలైనా సరిగా రాని కుర్రాడు. వెంకటముని కాదు.

"మేళం ఆపొద్దండ్రా! వాయించండి!" అని ఒక గొంతు గద్దించింది. పట్టుచీర, రూపాయి కాసంత బొట్టు, చేతిలో పన్నీరు చెంబు. గురవమ్మట ఆమె పేరు. ఆమె నడిచివస్తుంటే అందరూ దారి ఇచ్చారు. మేళగాళ్లు మారుమాట లేకుండా అందుకున్నారు.

"ఎవురమ్మా నీ మొగుడు? సూపించు. పెండ్లికొడుకు తరపోడా, పిల్ల తరపోడా?"

పెళ్లికూతురి మేనమామ చొక్కా చేతులు పైకి మడిచి ముందుకొచ్చాడు. "సెప్పమ్మా, ఎవుడాడు? పిలవకుండా దూరినోడైతే ఈడ్నే ఎముకలిరగదీస్తాం. ఈ మద్దెన ఇట్లాటోళ్లు శానామంది తయారైనారు."

పంకజాక్షి చుట్టూ చూసింది. పక్క హాల్లో మొదటి పంక్తి నడుస్తోంది. చివరి ఆకు ముందు వెంకటముని. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. అతని పక్కన ఆడమనిషి ఎవరూ లేరు. తలుపు సందులోంచి పెళ్లాం వైపు ఒక్కసారి చూసి, తల ఆకులోకి దించేశాడు.

ఇంట్లో కుండలో అతని వంతు అన్నం కూడా తనకే ఎలా మిగులుతోందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఈడ లేడన్నా," అంది. "ఎండకు కండ్లు బైర్లు కమ్మినాయి. ఎవర్నో సూసి ఆయనే అనుకున్నా. తప్పయిపోయింది."

"బాలింతరాలప్పా, పోనీండి! పోయి మీ పనులు సూసుకోండి," అని గురవమ్మ ఆ మగవాళ్లను తరిమేసింది. పంకజాక్షి చెయ్యి పట్టుకుని పంక్తిలోకి లాక్కుపోయింది. "ఏమప్పా, కొంచెం జరుగు," అని వెంకటముని పక్కనే కూర్చోబెట్టింది. "ఈయమ్మకు నెయ్యి ధారాళంగా పొయ్యండ్రా! సంటిబిడ్డ తల్లి!"

మొగుడూ పెళ్లాం ముక్కూ ముఖం తెలియనివాళ్లలా తిన్నారు. ఎవరూ చూడకుండా అతను తన బొబ్బట్టు ఆమె ఆకులోకి జరిపాడు. ఆమె కన్నీళ్లు పప్పన్నంలో పడ్డాయి.

చెయ్యి కడుక్కుని వచ్చి గురవమ్మ కాళ్లకు దండం పెట్టింది. "పరువు కాపాడినావమ్మా. నువ్వు పెండ్లికూతురికి నాయనమ్మవా?"

గురవమ్మ అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగింది.

"గట్టిగా అడగొద్దమ్మే. నన్ను గూడా ఎవురూ పిలవలేదు."

మీ ఇంట్లో పెళ్లి జరిగే రోజున అందరినీ కూర్చోబెట్టి వడ్డింపించే పెద్దమ్మ ఎవరైనా కనిపిస్తే, ఆమె తిన్నదో లేదో కాస్త చూడండి.