మైకు లేని చోటు

పినపాక అడవి అంచున, చెట్లు నరికే చప్పుడును పసిగట్టే పెట్టె ఒక చిన్న గదిలో ఉంది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన రిబ్కా, చెడిపోయిన మైకును ఊడదీసి తన సంచిలో వేసుకుంది. బయట చీకట్లో డ్రైవరు జహూర్ జీపులో ఎదురుచూస్తున్నాడు.

పెట్టె ఆన్ కాగానే, దాన్ని నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్ మైకు కోసం మెమరీలో కొంత చోటు పక్కన పెడుతుంది. అక్కడ మైకు శబ్దం తప్ప మరేదీ చేరదు. ఇప్పుడు మైకే లేదు. అయినా పెట్టెకు తగిలించిన ల్యాప్‌టాప్ తెర మీద ఆ చోటు నిండుతూనే ఉంది. రిబ్కా దాన్ని పూర్తిగా చెరిపేసింది. మళ్ళీ నిండింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది. తన ఊపిరి బిగబట్టి చూసింది. ఆ ఊపిరి ఆగలేదు.

"అయిపోయిందా రిబ్కమ్మా?" బయటి నుంచి జహూర్ అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే, చెవుల్లో ఆమె గొంతే జవాబు చెప్పింది. "అవ్ భాయ్, వస్తున్న."

బయట ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు జీపు వైపు సాగింది. జీపు తలుపు మూసుకుంది. రిబ్కా హెడ్‌ఫోన్స్ బల్ల మీద పడేసి గుమ్మంలోకి పరుగెత్తింది. టేకు చెట్ల మధ్య జీపు ఎర్రలైట్లు దూరమవుతున్నాయి. ఆమె అరవబోయింది. గొంతు రాలేదు.

వెనక బల్ల మీది హెడ్‌ఫోన్స్‌లో జహూర్ మాట సన్నగా వినిపిస్తోంది. "నీ సంచి ఏదమ్మా?"

రిబ్కా గొంతే జవాబిచ్చింది. "ఆమె కాడనే ఉండనియ్ భాయ్."