పదకొండో కవరు

"డ్రైవరుగారూ, ముందు నన్ను వెళ్లనివ్వండి. ఇంకో పది నిమిషాలు ఇక్కడే కూర్చుంటే లేచి ఇంటికెళ్లిపోయేలా ఉన్నాను," అన్నాడు టైలరు.

పక్క కుర్చీలో ఉన్న లారీ డ్రైవరు నవ్వాడు. "పొద్దస్తమానం సూదులతో బతికే మనిషికి సూదంటే భయమేంటి మాస్టారూ? సరే వెళ్లండి. ఎంత పొడుగుందో చూసొచ్చి చెబుదురుగాని."

ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఏళ్ల తరబడి కాల్చిన సిగరెట్లు కాళ్లలో రక్తనాళాల్ని పూడ్చేశాయి. టైలరుకి కుడికాలి బొటనవేలు నల్లబడింది. డ్రైవరుకి ఎడమ మడమ మీద పుండు ఎనిమిది నెలలుగా మానలేదు. పడుకుంటే కాలు మంటెత్తిపోతుంది, మంచం మీంచి కిందికి వేలాడేస్తేనే కాస్త నయం. ఇద్దరికీ ఆపరేషనుతో నాళాలు బాగుచేసే వీల్లేదనీ, ఇక కాలు తీసెయ్యడమేననీ చెప్పేశారు.

మిగిలిన ఆశల్లా ఈ మూలకణాల వైద్యం. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాల్ని వేరుచేసి, పిక్కలో నలభై చోట్ల సూదితో ఎక్కిస్తారు. అక్కడ కొత్తగా సన్నటి నాళాలు మొలుస్తాయేమోనని ఆశ.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "ఇది ఇంకా పరీక్షే. మూలుగ అందరికీ తీస్తాం. సగం మందికి వాళ్ల కణాలే ఎక్కిస్తాం, సగం మందికి ఉత్త సెలైన్. ఎవరికేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. వరసలో వచ్చినవాళ్లకి వరసలో ఒక్కో కవరు. ల్యాబువాళ్లు అది తెరిచి చూసి, అందులో ఉన్నట్టు చేస్తారు. మీకు తెలిసేది ఏడాది తర్వాతే."

టైలరు లోపలికెళ్లాడు. నర్సు కట్టలోంచి పైనున్న కవరు తీసి అతని పేరు రాసింది. పదకొండో నంబరు. ఆ తర్వాత వెళ్లిన డ్రైవరుకి పన్నెండు.

పక్కపక్క మంచాల మీద నాలుగు రోజులున్నారు. డిశ్చార్జి నాటికి "మాస్టారూ", "డ్రైవరుగారూ" పోయి "బావా" అనుకునేదాకా వచ్చింది.

రెండు నెలలకి టైలరు వేలి మీది నల్లటి పొక్కు ఊడి, కింద గులాబీరంగు చర్మం కనబడింది. డాక్టరమ్మ అతని పాదం మీద చిన్న యంత్రం ఆనించింది. ఇదివరకు ఎంతసేపు ఆనించినా ఉలకని యంత్రం ఈసారి 'ఝుయ్... ఝుయ్' మంది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"మీ రక్తమేనండీ."

టైలరు మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నాడు.

మూడో నెల చివర డ్రైవరు కాలు మోకాలి కింద తీసేశారు. టైలరు చూడ్డానికి వెళ్లాడు. డ్రైవరే ముందు పలకరించాడు.

"క్లచ్ కాలే కదా బావా పోయింది. క్లచ్ లేని బండ్లొచ్చాయిగా ఇప్పుడు!"

టైలరు నవ్వి, బయటికొచ్చి, చేతులు కడుక్కునే చోట కొళాయి తిప్పి ఏడ్చాడు. అప్పుడు తట్టింది అతనికి, పదకొండో కవరు తనది కాదని. వరస ప్రకారం అది డ్రైవరుది.

భార్యకొక్కదానికే చెప్పాడు.

"మీరేమన్నా కావాలని చేశారా?" అందావిడ.

"అడిగి మరీ ముందెళ్లాను కదే."

ప్రతి ఆదివారం డ్రైవరింటికి వెళ్లేవాడు. ప్యాంట్లన్నీ ఎడమవైపు కత్తిరించి కుట్టిచ్చాడు. కొలత తీసుకుంటూ టేపు మీంచి చూపు ఎత్తలేదు. కవరు మాట అతనూ ఎత్తలేదు, డ్రైవరూ ఎత్తలేదు. మర్చిపోయాడేమోలే అనుకుని కాస్త ఊపిరి పీల్చుకునేవాడు.

ఏడాది తిరిగింది. ఫలితాలు చెబుతాం రమ్మన్నారు. ఇద్దర్నీ చెరో గదిలోకి పిలిచారు. డ్రైవరు భార్య వరండాలో బల్ల మీద కూర్చుంది.

"మీకెక్కించింది మూలకణాలేనండీ," అంది డాక్టరమ్మ కాగితం చేతికిస్తూ. "అయితే వాటివల్లే మానిందని గట్టిగా చెప్పలేను. కణాలెక్కించినా కాలు నిలవనివాళ్లున్నారు, సెలైన్‌తోనే మానినవాళ్లూ ఉన్నారు."

ఆవిడ చెప్పింది సగమే చెవికెక్కింది. టైలరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచేశాడు. 'నాకూ సెలైనేనట బావా' అని చెప్పెయ్యాలి. తడబడకూడదు. తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు లోలోపల అనుకుని మరీ బయటికొచ్చాడు.

పక్కగది తలుపు తెరుచుకుంది. చంకకర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు డ్రైవరు. టైలరు నోరు తెరిచేలోగానే అన్నాడు.

"బావా, నాకు కణాలే ఎక్కించారట! నా ఒంటికే పట్టలేదు. ఏం చేస్తాం!"

"నిజంగా?"

"నిజంగానే. మరి నీకో?"

టైలరు సిద్ధం చేసుకున్న అబద్ధం కరిగిపోయింది. "నాకూ... నాకూ అవే బావా."

"చూశావా మరి! పదకొండులో ఉన్నదీ అదే, పన్నెండులో ఉన్నదీ అదే. ఇకనైనా ఆ ఏడుపు మొహం మానెయ్."

"నీకు గుర్తుందా ఆ సంగతి?"

"కొలతకొచ్చినప్పుడల్లా నీ మొహమే గుర్తుచేస్తుంటే ఎలా మర్చిపోతాను?"

టైలరు బల్ల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచాడు. "ఉండండి, ఆటో పిలుచుకొస్తాను," అని గబగబా మెట్లు దిగాడు. కుంటు లేకుండా పడుతున్న ఆ అడుగుల్ని డ్రైవరు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి, ఫైల్లో పెడతాను," అంది భార్య.

ఆటో కోసం చెయ్యెత్తుతున్న టైలరు మీంచి చూపు తిప్పకుండానే కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని మడత విప్పింది.

అందులో 'సెలైన్' అని ఉంది.