వంతెనకు పరీక్ష

హాలియా దాటాక సాగర్ పిల్లకాలువ మీదున్న ఆ చిన్న వంతెన గట్టిదో కాదో ఆ పూట తేలిపోవాలి. ఊరంతా కాలువ గట్టు మీదే ఉంది. పిల్లలు బడికి ఎగనామం పెట్టారు.

మారయ్య పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. వంతెనకు పగుళ్లొచ్చాయని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, నల్గొండ నుంచి ఇంజనీరును రప్పించింది అతనే. వచ్చింది నిరోష, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. వంతెన కిందికి దూరి, కాంక్రీటుకు గోరంత రేకు ఒకటి అతికించి, దాని తీగలను ఒక పెట్టెకు తగిలించింది.

"గిదేంది మేడం, వంతెనకు బీపీ చూస్తున్నవా?" అంది పుల్లమ్మ. ఆమె ఇల్లు కాలువ ఒడ్డునే. అందుకని ముందు వరుస ఆమెదే.

"గట్లాంటిదే అవ్వా. బరువు పడితే కాంక్రీటు లోపల ఒత్తిడి పుడుతది. అది కంటికి కనబడదు. కానీ ఆ ఒత్తిడికి కాంక్రీటు జర సాగుతది. ఆ సాగుడు కొలిచి, ఒత్తిడి ఎంతున్నదో లెక్క కడతం."

"కాంక్రీటు సాగుడేంది బిడ్డా, అదేమన్న రబ్బరా?"

"అన్నీ సాగుతయి అవ్వా. వెంట్రుకలో వందో వంతు సాగినా గీ పెట్టె పట్టేస్తది."

పెట్టెలో అంకె వంద దాటితే వంతెన పనికిరానట్టేనని, అప్పటికప్పుడే మూయించేస్తానని కూడా చెప్పింది. మారయ్య కళ్లు మూసుకుని ఎల్లమ్మ తల్లికి దండం పెట్టుకున్నాడు.

ఇసుక ట్రాక్టరు ఎక్కింది. పెట్టెలో ఇరవై.

"గంతేనా?" అన్నాడు మారయ్య. పాపం, అతనికి నమ్మకం కుదరలేదు. "ఇంకో ట్రాక్టర్ దేండ్రి!"

రెండోదీ ఎక్కింది. ముప్పై ఆరు.

"బర్రెలను తోలుండ్రి!"

బర్రెలు ఎక్కాయి. అందులో ఒకటి పేడ కూడా వేసింది, బరువు తగ్గిద్దామని కాబోలు. నలభై.

"ఇగ చాలు పెద్దయ్యా," అంది నిరోష.

"చాలదు మేడం! సక్కగ చూడాలె. పానాలతోని పని!" అంటూ మారయ్య తానే ఎక్కి ఊరందరినీ కేకేశాడు. అందరూ ఎక్కారు. పుల్లమ్మ కొంగు బిగించి మరీ ఎక్కింది. ఇంత తెగువున్న ఊరును నిరోష ఎక్కడా చూడలేదు. మారయ్య ఎగిరెగిరి దూకాడు కూడా. పెట్టె నలభై ఏడు దగ్గర మొండికేసి కూచుంది.

అందరినీ దింపి, నిరోష మళ్లీ కిందికి దూరింది. టార్చి వేసి పగుళ్లన్నీ చూసుకుని, నవ్వుతూ బయటికొచ్చింది.

"పైపూతకే పగుళ్లు పెద్దయ్యా. లోపలికి పోలేదు. మీ వంతెన ఇంకో యాభై ఏండ్లు కదలది. ఫికర్ చెయ్యకుండ్రి."

మారయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. కళ్ల నిండా నీళ్లు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. అది చూసి నిరోష అతని భుజం తట్టింది. పుల్లమ్మ ఇచ్చిన చాయ్ తాగి, అందరికీ దండం పెట్టి జీపెక్కింది.

జీపు మలుపు తిరగ్గానే మారయ్య పుల్లమ్మ వైపు తిరిగి నెత్తి బాదుకుంటూ, "గిది పనికిరాదని రాసిస్తేనే వరికోత మిషన్ పట్టే పెద్ద వంతెన కట్టిస్తమని ఆఫీసోళ్లు అన్నరు గద వదినె, గడ్డపారతోని పొడిచి పొడిచి నా రెక్కలు పడిపోయినయి గానీ గీ ముదనష్టపుది పడలేదు!" అన్నాడు.