ధవళుని సమ్మతి ముద్ర

ఆ వనసభలో తీర్మానానికి సమ్మతించే ప్రతినిధి తడిమన్నుపై కుడి ముంగాలు మోపి ముద్ర వేయడం ఆచారం. కుందేళ్లు తమ పక్షాన ధవళుణ్ణి పంపి, అతని ప్రశ్నలను, ప్రసంగాలను, ముద్రలను గమనించి రమ్మని తీతువుపిట్టను నియమించాయి.

సమావేశాలు ముగిసిన మరునాటి ఉదయం, మంచు కమ్మిన రెల్లువనానికి తీతువు తిరిగివచ్చింది.

“తొలిదినాన ధవళుడు సభాపతియైన తోడేలును ‘కనబడకుండా పోయిన మా కూనలేవీ?’ అని ప్రశ్నించాడు. ఆపై నన్ను వెలుపలే నిలిపారు. అతని గొంతు మళ్లీ వినబడలేదు. సభ ముగిశాక చూస్తే మాత్రం ప్రతి తీర్మానానికీ అతని ముద్ర ఉండేది.”

“విన్నారటర్రా! మావాడు సభ ఎగ్గొట్టే రకం కాదు,” అని ముసలి కుందేలు మురిసిపోయింది.

“తోడేళ్లను ఈ రెల్లువనంలోకి అనుమతించే తీర్మానానికో?” అని ధవళుని భార్య శ్యామిక అడిగింది.

“నిన్న దానికీ పడింది, తల్లీ.”

“ఆయన చచ్చినా వేయరు! ఆ ముద్ర వెంట ఆయన అడుగులు చూశావా?”

“ముద్రనే చూశానమ్మా, అడుగుల మాట తోచలేదు. ఆ మన్నులో కుందేటిది ఆ ఒక్క కాలి గుర్తే ఉండేది. చుట్టూ ఉన్నవన్నీ తోడేలు అడుగులే.”

ముసలి కుందేలు నవ్వు ఆగిపోయింది. గాలి లేదు. అయినా వనం అంచున రెల్లు మెల్లగా రెండు పాయలుగా విడిపోసాగింది.